గోడ మీద అంగుళాలు

ఊరందరికీ చేతులు కుట్టిపెట్టే నాకు
నా చెయ్యి నా జాకెట్టులో దూరడం మానేసింది.
భుజం గడ్డకట్టిందన్నారు కీల్పాక్ ఆసుపత్రిలో.
ఈ చూళైమేడు ఉక్కపోతలో
గడ్డకట్టగలిగింది అదొక్కటే.

ఎళిలరసి అని, వ్యాయామం నేర్పే పిల్ల,
నా వేళ్లను గోడ మీద పెట్టింది.
"సాలీడులా పైకి పొండి అక్కా.
నొప్పి దగ్గర ఆగండి, పోట్లాడకండి.
అక్కడే నిలబడి ఊపిరి వదలండి."
సగం తమిళం, సగం నా కోసం తెలుగు.
తర్వాత నా మొహం చూసి నవ్వింది:
"ఎక్కేది చెయ్యి కదా,
పళ్లెందుకు కొరుకుతున్నారు?"

చీటీ మీద రాసిచ్చింది.
గోడ, పొద్దున పది సార్లు, సాయంత్రం పది.
వంగి, గడియారం లోలకంలా చెయ్యి వేలాడేసి ఊపడం.
నడక, అరగంట.
అడుగున, వేరే పెన్నుతో: ఎవరితోనైనా మాట్లాడడం.
దానికి ఎన్నిసార్లో రాయలేదు.

మెళ్లో టేపు ఎలాగూ ఉంటుంది.
మొదటి రోజే కొట్లో గోడ కొలిచాను.
నేల నుంచి నలభై మూడున్నర.
సుద్దతో గీత.
వారం తర్వాత నలభై నాలుగు.
ఆ మర్నాడు వాన, మళ్లీ నలభై మూడు.

"ఎప్పట్నించి అక్కా ఈ నొప్పి?"
ఫిబ్రవరి, అన్నాను.
"ఫిబ్రవరిలో ఏమైంది?"
ఏమీ కాలేదు.

పద్దెనిమిదేళ్లు నా పక్క మిషను తొక్కిన కాంచన
ఎదురు వరసలో, మందుల షాపు పక్కన,
సొంత కొట్టు పెట్టుకుంది. అంతే.
చెప్పే వెళ్లింది.
కాజాల సూదులు కూడా లెక్కపెట్టి అప్పగించింది.
నేను సరే అన్నాను.
ఆ సరే బయటికి పూర్తిగా రాలేదేమో,
విరిగిన సూదిమొన గుడ్డలో ఉండిపోయినట్టు
భుజంలో ఉండిపోయింది.

ఆ రాత్రి కొట్టు మూసేముందు
వేళ్లు ఎక్కుతుంటే దవడ వదులు చేసి చూశాను.
తర్వాత కనుబొమలు. నాలుక. పొట్ట.
ఒంట్లో ఇన్ని పిడికిళ్లా!
పాత కుట్టు విప్పితే దారం సర్రున రాదు,
ఒక్కో టాకా తెంపుకుంటూ పోవాలి.
అలాగే విప్పాను.
ఊపిరి పొడుగ్గా వదిలిన చోట
అర అంగుళం ఊరికే వచ్చింది.

నడకకి మొదట్లో వెనక సందులోంచే పోయేదాన్ని.
అక్కడ కుక్కలు, పైగా డ్రైనేజీ తవ్వకాలు.
జూన్‌లో ఓ సాయంత్రం రోడ్డు మీదుగానే వెళ్లాను.
కాంచన బల్బు కింద వంగి
సూదిలో దారం ఎక్కిస్తోంది. తప్పింది. మళ్లీ తప్పింది.
కళ్లజోడు ఇంట్లో మర్చిపోయుంటుంది.
"చెయ్యెలా ఉంది?" అంది తలెత్తకుండా.
ఎవరు చెప్పారో.
"నలభై తొమ్మిది," అన్నాను.
అదేం లెక్కో అడగలేదు.
సూది నా వైపు జాపింది. ఎక్కించి ఇచ్చాను.
టీ కుర్రాణ్ణి కేకేసి
రెండు వేళ్లు చూపించింది.

నా గోడకి అరవై ఆరు దగ్గర
రోజూ చింపే క్యాలెండరు వేలాడుతుంది.
కాంచన పొడగరి, మేకు తన ఎత్తుకే కొట్టింది.
పొద్దున్నే చింపేదీ తనే.
తను వెళ్లాక మా కొట్లో
ఎప్పుడూ ఫిబ్రవరి పదకొండే.
స్టూలెక్కితే అందేదని నాకు తెలుసు.
ఎక్కలేదు.

ఇవాళ వేళ్లు వణుకుతూ
ఆ కాగితం అంచు దాకా వెళ్లాయి.
నొప్పి ఎక్కడికీ పోలేదు,
బస్సులో పక్కావిడలా
కాస్త జరిగి చోటిచ్చింది.

ఒక్క కాగితం చింపాను.
ఫిబ్రవరి పన్నెండు.
బయట సెప్టెంబరు ఎండ.
రోజుకొకటి చొప్పున చింపుకుంటూ పోతే
ఈ క్యాలెండరు ఇవాళ్టిని ఎన్నటికీ అందుకోలేదు.
అందుకోకపోతే పోనీ.

రేపు పదమూడు.